సర్ తామస్ మన్రో — దత్తమండలముల లెక్క

కులసభలవారు ప్రకటించు వార్షికసంచికలలో స్వకులమున జనించిన పెద్దల చరిత్రములను, సభలను పోషించిన దాతల చరిత్రములను వ్రాయుట యాచారము. ఆ యాచారమును కొంచెము తప్పి, రెండువందల యేండ్ల క్రిందట మన సీమను పాలించిన యొక పరదేశీయుని చరిత్రమును ఈ సంచికకు వ్రాయఁబూనితిని. కారణము లేకపోలేదు. పెండ్లిమఱ్ఱి మొదలు పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వఱకుఁ గల మన యూళ్ళలోని మనుష్యులను, మళ్ళను ఆంగ్లేయుల పరిపాలనమున మొదటిసారి యొక్క పద్ధతిమీఁద లెక్కకు తెచ్చినవాఁడు సర్ తామస్ మన్రో. 2027లో జరుగవలసిన జనగణనమున ప్రతి మనుష్యుని కులమును గూడ వ్రాసికొందురని 2025లో భారతప్రభుత్వమువారు ప్రకటించియున్నారు. ఇట్టి సమయమున ఆ పూర్వపు లెక్కల కథ మన తొగట కులస్థులకు తెలియుట మంచిదని తోఁచినది.

మన్రో 1761వ సంవత్సరము మే నెల 27వ తేదీని స్కాట్లండు దేశమునందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాలోని వర్జీనియా సీమతో పొగాకు వర్తకము చేసి బాగుగా గడించినవాఁడు. అమెరికా స్వాతంత్ర్యయుద్ధము రాఁగా ఆ వర్తకము మునిఁగిపోయెను. కుమారుఁడు గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితము, రసాయనశాస్త్రము చదివినవాఁడైనను, ఇంటి స్థితి చెడుటచే ఈస్టిండియా కంపెనీవారి సైన్యమున చిన్నకొలువునకు కుదిరి, 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను. అప్పటి కాయనకు పందొమ్మిదియేండ్లు నిండలేదు. ఆ యేఁడే హైదరాలీ కర్ణాటకముపైకి దండెత్తెను. పిదప పండ్రెండేండ్ల కాలము మన్రోకు యుద్ధములలోను పాళెములలోను గడచినది. ఆ నడుమనే ఆయన హిందూస్థానీని, పారసీకమును శ్రద్ధతో నేర్చికొనెను.

1792లో టిప్పుసుల్తాను బారామహలు సీమను, అనఁగా సేలము ధర్మపురి ప్రాంతములను, కంపెనీకి విడిచిపెట్టెను. ఆ సీమ పాలనము కెప్టెను అలెగ్జాండరు రీడ్ అనువానికి అప్పగింపఁబడఁగా, మన్రో ఆయన సహాయకులలో నొకఁడయ్యెను. నడుమ జమీందారు గాని, ఇజారాదారుగాని లేకుండ రైతు రైతుతోనే పన్ను నిర్ణయించుకొను పద్ధతిని ఆయన అచ్చటనే నేర్చెను. నేఁతగాండ్రమైన మనము మఱవరాని సంగతి యొకటి గూడ ఆయన కంటఁబడినది అచ్చటనే. కంపెనీ వర్తకోద్యోగులు ఊరి నేఁతపెద్దలను ఒకచోటికి పిలిపించి, తమకు దక్క మఱియెవ్వరికిని బట్టలమ్మమని ఒడంబడిక వ్రాసి యిచ్చువఱకు కాపలాలో నుంచుచుండిరి. ఇరువదియేండ్ల తరువాత, 1813లో, ఇంగ్లండు పార్లమెంటు విచారణసంఘము నెదుట మన్రో ఈ సంగతిని దాఁచక చెప్పెను. కంపెనీ యన్నము తినుచు కంపెనీవారి తప్పును వారి దేశపు సభలోనే చెప్పిన యీ గుణమును బట్టియే నేనాయన చరిత్రము వ్రాయుటకు కొంత ధైర్యము తెచ్చుకొంటిని.

1799లో శ్రీరంగపట్టణము పడినపిమ్మట మన్రో కన్నడ సీమకు కలెక్టరుగాఁ బోయెను. మఱుసటియేఁడు, 1800 అక్టోబరు 12వ తేదీని, హైదరాబాదు నిజాము తన దగ్గఱ నుంచఁబడిన కంపెనీ సైన్యపు ఖర్చునకు బదులుగా బళ్ళారి, కడప సీమలను కంపెనీకి దత్తముచేసెను. నేఁటి అనంతపురము ప్రాంతమును అందు చేరినదే. ఆనాఁటినుండి 1928లో నంద్యాల సభయందు రాయలసీమ యను పేరు పెట్టుకొనువఱకు మన ప్రాంతమునకు దత్తమండలము లనియే పేరు. ఆ మండలముల ప్రధానకలెక్టరుగా మన్రో 1800 చివర వచ్చి, క్రింది కలెక్టరులు నలువురతో ఏడేండ్లు పాలించెను.

ఆయన వచ్చునప్పటికి సీమ యెట్లుండెనో మన పెద్దలు చెప్పు కథలవలననే ఊహించుకొనవచ్చును. ఎనుబదిమంది పాలెగాండ్రు. వారిక్రింద ముప్పదివేల యాయుధపాణులు. పన్ను పాలెగాఁడొకమాఱు, నిజాము అమీలొకమాఱు గుంజుకొనఁగా మిగిలినది రైతుది. మన్రో పాలెగాండ్రను కొందఱను దండించి, కొందఱకు భరణములిచ్చి, వారి బలమును మాన్పెను. ఆ భరణముల తగవే తరువాత 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటునకు కారణములలో నొకటియైనది.

ఇఁక లెక్క. దొర మేడలో కూర్చుండి దివాణము నడపలేదు. సంవత్సరములో నెక్కువభాగము డేరాలలోనే కాపురము. గుఱ్ఱముమీఁద ఊరూరికిఁ బోవుచు, రెడ్డిని, కరణమును, రైతులను చెట్టుక్రింద కూర్చుండఁబెట్టుకొని పన్ను తీర్మానించుచుండెను. ప్రతిగ్రామమునకు పండ్రెండుగురు ఆయగాండ్రు కలరనియు, రాజులు మాఱినను ఊరు మాఱదనియు, ప్రతియూరును తనంతఁదానొక చిన్న ప్రజారాజ్యమువంటిదనియు 1806లో పైవారికి వ్రాసెను. కరణము లెక్కను నమ్మి పన్ను కట్టరాదనియు, నేలను కొలువవలెననియు ఆయన నిశ్చయము.

1802లో నలుగురు గుమాస్తాలతో కొలత మొదలయ్యెను. త్వరలో కొలగాండ్రు నూఱుమంది యైరి. కొలతకు వాడిన గొలుసు 33 అడుగులు. ఆ గొలుసుతో నలుచదరముగాఁ గొలిచిన నేల యొక గుంట, నలువది గుంటలు ఒక ఎకరము. నేఁటికిని మనవారు పొలము బేరమున గుంటలు చెప్పుకొనుచున్నది ఈ గొలుసు లెక్కయే. కొలిచినవారిపై మరల కొలుచువారు, పంట తరమును నిర్ణయించువారు, వారిపై తనిఖీదారులు. ఒకరి తప్పు ఒకరికి చిక్కునట్లు ఏర్పాటు. 1806 నాఁటికి ఈ పని పూర్తియయ్యెను. ఖర్చు ఎనుబదివేల వరహాలకు పైఁబడినది. ఇంతటి ఖర్చు చేసియు మన సీమలో నొక మడిని మఱొక మడినుండి వేఱుగా పేరుపెట్టి వ్రాసిన పుస్తకము అంతకుముందు ఏ దివాణమునందును లేదు.

నేలతోఁ గూడ జనులను, పశువులను సైతము లెక్కించిరి. నాఁటి దివాణపు వాడుకలో దీనికి ఖానేషుమారి యని పేరు. దత్తమండలముల జనసంఖ్య ఇంచుమించు ఇరువదిలక్షలని తేలెను. మన్రో ఆ సంఖ్యతో తృప్తినొందక, జనులను మూఁడు తరగతులుగా విభజించి, ఏ తరగతి మనుష్యుఁడు సాలుకు తిండికి ఎంత, బట్టకు ఎంత వ్యయముచేయునో విచారింపించెను. 1813లో పార్లమెంటువారు, ఇంగ్లండు సరకులను హిందూదేశీయులు కొందురాయని యడిగినప్పుడు ఆయనకు ఉపయోగించినది ఆ విచారణయే. వ్యవసాయకూలివాని నెలకూలి నాలుగు మొదలు ఆఱు షిల్లింగులు, ఒక మనుష్యుని సంవత్సరపు బ్రతుకుఖర్చు పదునెనిమిది మొదలు ఇరువదియేడు షిల్లింగులు. ఇంతటి బీదవాఁడు దూరదేశపు వస్తువు నేల కొనును? అదిగాక ఇచ్చటి బట్ట మేలైనదని చెప్పుచు, తాను ఏడేండ్లు వాడిన దేశీయపు శాలువకు బదులుగా నెవరైన సీమశాలువను ఉచితముగా నిచ్చినను కట్టుకొననని ఆయన సభలో వాఙ్మూలమిచ్చెను. నేఁతగానికి ఇంతకంటె మంచి సాక్షి దొరకునా? కాని సాక్ష్యమువలన మిల్లుబట్ట రాక ఆగలేదు.

ఇచ్చట నొక మాట చెప్పక తప్పదు. మన్రో లెక్కకు మొదటిప్రయోజనము పన్నే. ఏడేండ్లలో దత్తమండలముల రాఁబడి నాలుగులక్షల పౌనులనుండి ఆఱులక్షల పౌనులకు పెరిఁగెను. ఆ నడుమ 1804 ప్రాంతమున వానలు తప్పి కఱవును వచ్చినది. నేఁతవారిమీఁద మొహతర్ఫా యను పేర మగ్గమునకింత యని పన్నుండెను. మగ్గము లెక్కకెక్కినచో పన్నెక్కును. కావున లెక్కవ్రాయువాఁడు ఊరిలోకి వచ్చునప్పుడు మగ్గము గుంటపై చాపకప్పుటయు, కొడుకులను పొలమునకు పంపుటయు మనవారికి తెలివితక్కువతనముగాక ప్రాణరక్షణమైనది. పన్నుకై లెక్కింపఁబడువాఁడు తన్నుఁ దాను తక్కువగానే చెప్పును. మన్రోను దేవుఁడనుటకు నాకు నోరాడకుండుటకు కారణమిదియే.

అయినను ఆ లెక్కయే ఆయన మనస్సును మార్చినది. తాను కట్టిన పన్ను పంటలో నూటికి నలువదియైదు పాళ్ళగుచున్నదనియు, మూఁడవవంతునకు మించి సర్కారు తీసికొన్నచో రైతునకు భూమిపై స్వత్వమే నిలువదనియు పట్టికలను చూచి గ్రహించెను. 1807 ఆగస్టు 15వ తేదీని పైవారికి పంపిన నివేదికలో, పన్నునందు నూటికి ఇరువదియైదు తగ్గింపవలసినదనియు, చెఱువులక్రింద బావులక్రిందనున్న భూములకు మఱియు ఎనిమిది తగ్గింపవలసినదనియు కోరెను. తాను వేసిన పన్నును తానే హెచ్చని యొప్పుకొని తగ్గింపుమని వ్రాసిన అధికారులు ఏ కాలమునను అరుదు. పైవారు వినలేదు. మన్రో స్వదేశమునకు పోఁగా, 1808 మొదలు గ్రామములకు గ్రామములను గుత్తకిచ్చిరి. గుత్తదారులు చెడిరి, రైతులును చెడిరి. మన్రో కోరిన తగ్గింపు ఆయనయే గవర్నరైన పిమ్మట గాని మన సీమకు రాలేదు.

స్వదేశమున ఆఱేండ్లుండి, 1814లో జేన్ కాంప్‌బెల్ అను నామెను వివాహమాడి, ఆ యేఁడే న్యాయపరిపాలనమును చక్కఁజేయు సంఘమునకు అధ్యక్షుఁడై మరల చెన్నపట్టణమునకు వచ్చెను. 1817, 1818 సంవత్సరములలో మహారాష్ట్రయుద్ధమునఁ గూడ పనిచేసెను. 1820లో చెన్నపురి గవర్నరయ్యెను.

గవర్నరుగా ఆయన చేసిన పనులలో మనకు ముఖ్యమైనది విద్యాగణనము. 1822లో రాజధానియంతట జనులను లెక్కింపఁగా ఒకకోటి ముప్పదినాలుగు లక్షలకు పైఁగా తేలిరి. ఆ సంవత్సరమే జూన్ 25వ తేదీని మన్రో మఱియొక యాజ్ఞ వ్రాసెను. ఏ జిల్లాలో ఎన్ని బడులు కలవు, ఎందఱు చదువుచున్నారు, వారిలో బ్రాహ్మణు లెందఱు, వైశ్యు లెందఱు, శూద్రు లెందఱు, ఇతరకులములవా రెందఱు, మహమ్మదీయు లెందఱు, బాలు రెందఱు, బాలిక లెందఱు అని కలెక్టరులందఱును పట్టిక నింపి పంపవలసినది. దేశమున అజ్ఞానమెంత కలదో తెలియకయే జనులను అజ్ఞానులని వ్రాయుచున్నారనియు, లెక్క యెవరును తీయలేదనియు ఆయన యభిప్రాయము.

ఉత్తరములు వచ్చుటకు కొన్నియేండ్లు పట్టెను. కడపజిల్లా జనసంఖ్య 10,94,460, బడులు 494. బళ్ళారి జిల్లా జనసంఖ్య 9,27,857, బడులు 533, చదువువారు 6,641. వేయిమందిలో ఇంచుమించు ఏడుగురే. బళ్ళారిలో బడికిఁ బోవు హిందూబాలికలు 60 మంది. బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ ఆ సంఖ్యలతోపాటు కారణము గూడ వ్రాసిపంపెను. సీమబట్టలు వచ్చి దేశీయుల నూలుబట్టలను త్రోసివేయుటచే నేఁతవారికి పనిలేకపోయెననియు, జనులు బీదలగుటచే బిడ్డలను బడికిఁ బంపలేకున్నారనియు ఆయన వ్రాఁత. ఎవరును అడుగని ప్రశ్నకు ఆయన చెప్పిన ప్రత్యుత్తరమది. పట్టికలో మగ్గమున కొక గడి లేదు. అయినను మగ్గము మూలపడిన సంగతి బడి గడిలో బయటఁబడినది.

1826 మార్చి 10వ తేదీని మన్రో అన్నిజిల్లాల లెక్కలను కూర్చి తన నిర్ణయమును వ్రాసెను. రాజధానిలో జనులు 1,28,50,941, బడులు 12,498. అనఁగా వేయిమందికి ఒక బడి. చదువవలసిన వయస్సున నున్న బాలురు 7,13,000 అనియు, బడికిఁ బోవువారు 1,84,110 అనియు, నాలుగవవంతునకు కొంచె మెక్కువయనియు గుణించెను. ఇండ్లలో చదువుకొనువారిని గూడ చేర్చినచో మూఁడవవంతునకు దగ్గఱగా నుండునని ఆయన యూహ. పిమ్మట ప్రతిజిల్లాలోను పెద్దబడులను, ప్రతి తాలూకాలోను ఒక బడిని సర్కారు ఖర్చుతో పెట్టవలెనని తీర్మానించెను.

మన కులస్థుఁడు ఈ పట్టికలను చూచినచో మొదట వెదకునది తన కులము. అది యందు లేదు. తొగటవాఁడు, సాలెవాఁడు, కమ్మరి, కాఁపు అందఱును శూద్రులను నొక్క గడిలో పడియున్నారు. నాఁడు కడపసీమలో మన తొగటబిడ్డలు పదిమంది చదివిరో, వేయిమంది చదివిరో చెప్పుట యెవరితరమును గాదు. 1909లో థర్‌స్టన్ దొర ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథమున, మన కులమువారు కడపజిల్లాలో నెక్కువగాఁ గలరనియు, బీదలు కట్టు ముతకనూలుబట్టలు నేయువారనియు రెండుమాటలతో సరిపెట్టిరి. అది నిజమే కావచ్చును. ముతకబట్ట నేయుట సిగ్గుపడవలసిన పనియుఁ గాదు. కాని మనలో నెందఱు చదివినవారు, ఎందఱికి భూమి కలదు, ఎందఱు మగ్గము విడిచి కూలికిఁ బోయిరి అనునది ఆ రెండుమాటలలో ఇమడదు.

1871లో సర్జను కార్నిష్ ఆధ్వర్యమున చెన్నరాజధానిలో జరిగిన గణనమున మూఁడుకోట్ల పండ్రెండులక్షలకు పైఁగా జనులు తేలిరి. అప్పుడు కడపజిల్లాలో పదుమూఁడున్నరలక్షలున్నవారు, 1881 నాఁటికి పదునొకండు లక్షల యిరువదివేలకు తగ్గిరి. నడుమ వచ్చిన 1876, 1877, 1878 సంవత్సరముల ధాతుకఱవు ఎంతమందిని మ్రింగెనో ఆ రెండంకెల నడుమ నున్నది. కఱవులో సత్రములు పెట్టిన పుణ్యాత్ముల పేర్లు శాసనములపైఁ గలవు. చచ్చినవారికి ఈ అంకెలే శాసనము.

1901లో రిస్లీ అను నధికారి కులములను హెచ్చుతగ్గుల వరుసలో నుంచఁబూనఁగా, దేశమునందలి కులసభలన్నియు మా పేరు మార్చుఁడు, మా స్థానము మార్చుఁడు అని అర్జీలు పెట్టుకొనినవి. అన్ని కులములవారిని లెక్కించి ప్రకటించిన గణనము 1931తో నిలిచిపోయినది. తరువాతి గణనములలో షెడ్యూల్డు కులములకు, తెగలకు దక్క తక్కినవారికి అంకె లేదు. దాదాపు నూఱేండ్ల పిమ్మట మరల ప్రశ్న రాఁబోవుచున్నది. దీనికి ప్రకటన 2025 జూన్ 16వ తేదీని వెలువడినది. లెక్కకు ఆధారమైన దినము 2027 మార్చి 1వ తేది. ఈ మాఱు మగ్గముమీఁద పన్ను లేదు. చాప కప్పవలసిన పనిలేదు. మన చిక్కు వేఱు. ప్రభుత్వమువారి వెనుకఁబడిన తరగతుల పట్టికలో మన పేరే తొగట, తొగటి, తొగటవీరక్షత్రియ అని పలుతెఱఁగుల నున్నది. పెండ్లిమఱ్ఱిలో అన్న ఒక పేరు చెప్పి, ప్రొద్దుటూరులో తమ్ముఁడు వేఱొకపేరు చెప్పి, చెన్నపట్టణమున నున్న మేనల్లుఁడు నేఁతవాఁడనని మాత్రము వ్రాయించినచో, ఒక్క యింటివారము మూఁడు గడులలో చిన్నచిన్న యంకెలమగుదుము. ఏ పేరు గొప్పదను వాదము మన సభలలో ముప్పదియేండ్లనుండి వినుచున్నాను. గొప్పపేరుతో కొందఱము, పాఁతపేరుతో కొందఱము వేఱగుటకంటె, అందఱము ఒక్క పేరుతో కనఁబడుట మేలని నా మనవి. పెద్దలు గణనమునకు ముందే తీర్మానింతురు గాక.

చరిత్రమునకు వత్తము. మన్రోకు 1825లో బారొనెట్ బిరుదము వచ్చినది. స్వదేశమునకు పోవుటకు సెలవు కోరి, తన తరువాతి గవర్నరు వచ్చులోపల తాను ప్రేమించిన దత్తమండలములను కడసారి చూడవలెనని 1827 వేసవిలో బయలుదేరెను. బంధువులు, వైద్యులు వలదన్నను వినలేదు. గుత్తి ప్రాంతమున విషూచి వ్యాపించియుండెను. జూలై 6వ తేదీని పత్తికొండవద్ద డేరాలో ఉదయము వ్యాధి సోఁకి, రాత్రికి ప్రాణము విడిచెను. మఱునాఁడు గుత్తికోట క్రింద పాఁతిపెట్టిరి. 1831లో అస్థులను చెన్నపట్టణము కోటలోని దేవాలయమునకు చేర్చిరి. పత్తికొండలో ఆయన పేర తోపును బావిని ఏర్పఱచిరి. చాంట్రీ శిల్పి చేసిన గుఱ్ఱపువిగ్రహము 1839లో మౌంటురోడ్డున నెలకొల్పఁబడినది. దానికి అంకవన్నెలు లేవని చూచినవారందఱును చెప్పుకొందురు.

మన ప్రాంతమువారు ఆయన మరణమునకు వేఱుకథ చెప్పుదురు. వేంపల్లె సమీపమున పాపఘ్నీనది కొండలను చీల్చుకొనివచ్చు గండిలో వీరాంజనేయస్వామి కోవెల కలదు. శ్రీరాముని రాకకై వాయుదేవుఁడు ఆ గండికడ్డముగా కట్టిన బంగారుతోరణము మరణము సమీపించిన పుణ్యాత్ములకే కనఁబడునఁట. మన్రో గుఱ్ఱమెక్కి యటు పోవుచు తలయెత్తి చూచి, ఆ తోరణమెవరు కట్టిరని వెంటనున్న బంట్రోతుల నడిగెననియు, వారికేమియు కనఁబడలేదనియు, ఆఱునెలలు తిరుగకముందే దొర పోయెననియు కథ. పరదేశీయుఁడైన పన్నుదొరకు మనవారు తమ దేవుని తోరణమును చూపించిరి. బైరాగులు ఆయనపై పదములు పాడిరి. కడప పల్లెలలో తలిదండ్రులు కొడుకులకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. 1871 గణనమున కరణములు ఇంటింటికిఁ బోయి పేర్లు వ్రాసికొన్నప్పుడు, ఎందఱో మన్రోలప్పలు ఆ లెక్కకెక్కియే యుందురు.